పెద్దాయనకు నచ్చని హాంకాంగ్

విహారయాత్రల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కడ కలిసినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మేడం, హాంకాంగ్‌లో తప్పకుండా చూపించాల్సినవి ఏంటి?" నేను గడగడా అప్పజెప్పేస్తాను. కొండ కొమ్మున నిలబడి నగరాన్ని చూడడం, ఆ కొండెక్కే ఏటవాలు ట్రామ్, రేవుకు అటూ ఇటూ తిరిగే పాత ఫెర్రీ, తీగ మీద వేలాడుతూ పోయే కేబుల్ కారు, దాని చివర కంచు బుద్ధుడు, పొద్దు గూకాక రేవు చుట్టూ మేడల మీద ఆడే దీపాలు. ఓపికుంటే బజార్లు. వాళ్ళు ఫోన్లో రాసుకుని, థాంక్స్ చెప్పి వెళ్ళిపోతారు. ఇవన్నీ చూపించి కూడా ఒక్క మనిషి మొహంలో నవ్వు తెప్పించలేక నేను పడ్డ అవస్థ గురించి మాత్రం ఎవరూ అడగరు. అడక్కపోయినా ఇప్పుడు చెప్తాను.

నేను విశాఖపట్నంలో పుట్టాను. ఓడల కూతలు వింటూ పెరిగాను కాబట్టి, సముద్రం మా నాన్న ఇచ్చిన ఆస్తి అన్నట్టు నలుగురికీ చూపించడం నాకు సరదా. ఒకచోట కుదురుగా కూర్చోవడం మాత్రం చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఇది రాస్తూ కూడా ఊరికే లేచి కిటికీ దాకా వెళ్ళొస్తున్నాను. ఇలాంటిదానికి యాత్రల పని దొరకడం నా అదృష్టం, నా వెనక నడిచినవాళ్ళ ఖర్మ. శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచిన కొత్తలో మైలార్‌దేవ్‌పల్లిలో ఇల్లు అద్దెకు తీసుకుని, శంషాబాద్ బస్టాండు దగ్గర ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో టూర్ మేనేజరుగా చేరాను. పేరుకే మేనేజరు. తప్పిపోయినవాళ్ళను వెతకడం, అక్కడి తిండి సహించనివాళ్ళకు ఆవకాయ వడ్డించడం, అందరినీ టైముకు బస్సెక్కించడం, ఇదీ పని.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ళ రైతు కుటుంబాలే. చేలు ప్లాట్లయ్యాయి. నెత్తిమీద విమానాలు పోతుంటే చూసి చూసి, ఒక్కసారైనా ఎక్కితే బాగుండునని వచ్చేవాళ్ళు. బేరమాడేవాళ్ళు, దెబ్బలాడేవాళ్ళు, రెండో రోజుకల్లా నన్ను ఇంటి ఆడపిల్లను చేసేసుకునేవాళ్ళు. వాళ్ళంటే నాకు ఇష్టం.

ఒక ఎండాకాలం మహేశ్వరం వైపు నుంచి ఒకతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ప్లాట్ల వ్యాపారం. కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"మేడం, మా ఇంటోళ్ళం, చుట్టాలం కలిసి ఒక బస్సుకు సరిపోయేటంత ఉన్నం. హాంకాంగ్ పోవాలె. మా పెద్దబాపు ఖుష్ కావాలె. గంతే."

"ఆయనకి ఏవంటే ఇష్టమండీ?"

"గదే తెల్వదు. తెలిస్తే మీదాంక ఎందుకొస్తం?"

తర్వాత అసలు సంగతి చెప్పాడు. వాళ్ళ పాత ఊరి పొలిమేరలో వేపచెట్టు కింద మైసమ్మ ఉంది. పసుపు పూసిన మూడు రాళ్ళు, ఒక గద్దె. విమానాశ్రయం వచ్చినప్పుడు ఇళ్ళన్నీ కొత్త కాలనీకి మారాయి కానీ మైసమ్మ పాతచోటే ఉండిపోయింది. ఇప్పుడు అటువైపు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మైసమ్మను కాలనీ పక్కకు మార్చి చక్కగా గుడి కట్టుకుందామని ఊరంతా అనుకుంది, ఒక్క పెద్దబాపు, అంటే అతని పెదనాన్న, తప్ప. ఆషాఢంలో మొదటి బోనం ఆ ఇంటిదే. ఆయన ఊఁ అననిదే ఆ రాళ్ళ మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు. గడువు ఆషాఢం దాకానే ఉంది.

"ఆయన ఏమంటారు?"

"'రాళ్ళను మీరు లేపుతరు. ఆమె రాకపోతే?' అంటడు. దానికేం జవాబు చెప్తం మేడం? నాలుగు దినాలు దేశం చూపిస్తే జర మనసు మెత్తబడ్తదేమోనని మా ఆశ."

ఆ రోడ్డు పక్కనే అతని ప్లాట్లున్నాయని నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసినా నేను చేసేది ఏమీ లేదు. మా ఓనరు మాత్రం ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "ఆ పెద్దమనిషిని నవ్విచ్చి తీస్కరా అక్కా. ఆయన నవ్విండంటే ఆ దిక్కు ఊర్లన్నీ మనయే," అన్నాడు.

పెద్దాయన్ను మొదట చూసింది విమానాశ్రయంలో. తెల్ల ధోతి, తలకు రుమాలు, ఎటూ తొణకని మొహం. పక్కన ఆయన భార్య, గలగలా మాట్లాడే మనిషి. నేను "బాబాయ్ గారూ, మీకేం కావాలన్నా నన్నడగండి," అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మంచిది బిడ్డా," అన్నాడు.

హాంకాంగ్‌లో బస్సెక్కే దగ్గరే మొదటి ఆటంకం. అందరూ ఎక్కారు, ఈయన ఎక్కడు. సంచిలోంచి పసుపు పొట్లం, నాలుగు ఎండిన వేపాకులు తీసి, తాగే నీళ్ళ సీసాలో వేసి, రోడ్డు పక్క మట్టి కోసం వెతుకుతున్నాడు. కొత్త పొలిమేరలో అడుగుపెట్టేముందు అక్కడి తల్లికి సాక, అంటే ఆ వేపాకు పసుపు నీళ్ళు, పోసి, దండం పెట్టి చెప్పి వెళ్ళడం వాళ్ళ ఆచారం. చివరికి ఒక పూలకుండీలో పోశాడు. వెనక బస్సులవాళ్ళు హారన్లు కొడుతున్నారు.

"ఎవరి ఊర్లకు వస్తున్నమో ఆమెకు చెప్పి రావాలె గద బిడ్డా," అన్నాడు ఎక్కుతూ.

కొండ మీదికి తీసుకెళ్ళాను. కింద మేడలు, మధ్యలో రేవు, నీళ్ళ మీద ఓడలు. మిగతావాళ్ళు కేకలు వేస్తూ ఫొటోలు దిగుతున్నారు. ఆయన చాలాసేపు చూసి, "గింతమంది ఒకల మీద ఒకలు ఉన్నరు గద, వీళ్ళ పొలిమేర ఏడుంది?" అని అడిగాడు. మాకు అక్కడ తోడున్న గైడు చైనా అమ్మాయి, ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతుంది. ఆ ప్రశ్నను ఇంగ్లీషులో ఎలా అడగాలో తోచక, "ఇక్కడ జనాభా ఎక్కువండీ," అని నేనే ఏదో చెప్పి తప్పించుకున్నాను.

మర్నాడు ఫెర్రీ. ఇది నాకు బాగా ఇష్టమైనది, ఎవరినీ నిరాశపరచదు. రేవు నడిమధ్యకు వచ్చేసరికి పెద్దాయన కనిపించలేదు. చూస్తే కమ్మీ దగ్గర వంగి, సీసాలోని పసుపు నీళ్ళు సముద్రంలో పోస్తున్నాడు. పడవ మనిషి ఒకడు అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. నేను మధ్యలో దూరి క్షమాపణలు చెప్పి, ఇటు తిరిగి నోరు చేసుకున్నాను.

"బాబాయ్ గారూ, ఇది మీ ఊరి చెరువు కాదండీ! జరిమానా వేస్తారు!"

"నీళ్ళల్ల నీళ్ళు పోసిన బిడ్డా. గీయన సొమ్మేం పోయింది?"

"ఊకో పిల్లా," అంది ఆయన భార్య నవ్వుతూ. "నా మాటనే ఇనడు, నీదింటడా?"

అందరూ నవ్వారు, ఆయన తప్ప. నాకు ఒళ్ళు మండింది. ఆ మధ్యాహ్నం ఆయన తమ్ముడి కొడుకు, అదే ప్లాట్ల అబ్బాయి, నా పక్కకొచ్చి మెల్లగా అడిగాడు. "ఏంది మేడం, జరన్న ఖుష్ కనిపిస్తున్నడా?" కనిపించట్లేదని చెప్పడానికి నోరు రాలేదు. "రేపు కేబుల్ కారు ఉందిగా," అన్నాను.

కేబుల్ కారు డబ్బాలో పెద్దాయన, ఆయన భార్య, ఆ అబ్బాయి, గైడు, నేను ఎక్కాం. నీళ్ళ మీదికి రాగానే ఒక పక్కన అక్కడి విమానాశ్రయం పూర్తిగా కనపడింది. విమానాలు వరసలో నిలబడి ఉన్నాయి, ఒకటి లేస్తోంది. ఆ రెండు రోజుల్లో మొదటిసారి పెద్దాయన అద్దానికి నుదురు ఆనించి చూశాడు.

"మన శంషాబాద్ లెక్కనే ఉన్నది," అన్నాడు.

గైడు ఉత్సాహంగా చెప్పింది. అది ఒకప్పుడు కొండలున్న దీవి అట. కొండల్ని చదును చేసి, సముద్రాన్ని పూడ్చి కట్టారట. నేను తెలుగులో చెప్పాను.

"ఆడ మనుషులు లేకుండెనా?"

"ఉండేవాళ్ళు. చిన్న ఊరు. చేపలు పట్టేవాళ్ళు, రాళ్ళు కొట్టేవాళ్ళు."

"ఏడికి పోయిన్రు?"

గైడు మేం ఎక్కిన స్టేషన్ వైపు చెయ్యి చూపించింది. అక్కడికి దగ్గర్లోనే కొత్త ఊరు కట్టుకుని ఉన్నారంది. అక్కడితో ఆగితే బాగుండేది. "వాళ్ళ గుడిని కూడా రాయి రాయి విప్పి తెచ్చుకుని మళ్ళీ కట్టుకున్నారు," అని మామూలుగా అనేసింది. ఆ మాటను తెలుగులోకి తేకుండా మింగేద్దామా అనుకున్నాను. చెప్తే ఆ రోజు ఏర్పాట్లన్నీ గల్లంతని నాకు అర్థమైపోయింది. కానీ పెద్దాయన నా మొహంలోకే చూస్తున్నాడు. చెప్పేశాను.

"ఏ దేవుడు?"

"సముద్రం మీద పోయేవాళ్ళను కాపాడే అమ్మవారట."

ఆయన వెనక్కి తిరిగి, మేం దాటి వచ్చిన ఒడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. పైన కంచు బుద్ధుడి దగ్గర భక్తిగా దండం పెట్టి, "మంచిగున్నడు," అని అక్కడే మెట్ల మీద చతికిలబడ్డాడు. ఆ బుద్ధుణ్ణి చూడడానికి ప్రపంచం నలుమూలల నుంచీ జనం వస్తారు. మా పెద్దాయన మాత్రం ఎప్పుడు కిందికి దిగుదామా అని చూస్తున్నాడు.

ఆ సాయంత్రం మా యాత్ర మొత్తానికీ పెద్ద ఆకర్షణ ఉంది. రేవులో పడవ, పడవలోనే భోజనం, చుట్టూ మేడల మీద దీపాల ఆట. ఇంటి కోడళ్ళు దానికోసమే పట్టుచీరలు కట్టుకొచ్చారు. కిందికి దిగి అందరూ బస్సెక్కాక, పెద్దాయన బస్సు పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"మీరు పోండ్రి. నేను ఆ తల్లిని చూసి వస్త."

బస్సులో గోల మొదలైంది. టైము చాలదని గైడు గడియారం చూపిస్తోంది. ప్లాట్ల అబ్బాయి నన్ను పక్కకు లాగాడు.

"మేడం, అటు తీస్కపోకుండ్రి. ఆ గుడి చూసినంక ఇంకింత మొండికేస్తే? ఆడున్నోళ్ళు ఎవలన్న 'మా అమ్మ రాలే' అంటే మా పని ఖతం."

అతని భయం నిజమే. నేను ఓనరుకి ఫోన్ చేశాను. "పడవ వదిలేస్తే ఇగ నువ్వు ఫారిన్ మొహం చూడవ్ అక్కా," అని ఒక్క మాటలో తేల్చేశాడు. నేను కాలుగాలిన పిల్లిలా బస్సు ముందు అటూ ఇటూ తిరిగాను. రెండు రోజులుగా ఆయన్ను ఎలా మెప్పించాలా అని కొండలూ సముద్రాలూ చూపిస్తున్నాను. ఆ మనిషి మొదటిసారి నోరు తెరిచి ఒకటి అడిగాడు. అది చూపించకపోతే నేను ఇంక చూపించేదేమిటి? బస్సు అటు తిప్పమని గైడుకి చెప్పాను. పట్టుచీరల వాళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

చూడ్డానికి ఏమీ లేని ఊరది. కుదురుగా కట్టిన ఇళ్ళు, ఆరేసిన బట్టలు, చివర ఒక చిన్న రాతిగుడి. పెద్దాయన గుడి దగ్గరికి నేరుగా వెళ్ళలేదు. చెప్పులు విడిచి, మొదటి ఇంటి ముందు మట్టిలో సాక పోసి, దండం పెట్టి అప్పుడు నడిచాడు. గుడి ముందు ఊదొత్తులు వెలిగిస్తున్న ఒక ముసలావిడ ఇదంతా చూస్తూ నిలబడింది. ఆయన లోపలికి వంగి చూసి, రాళ్ళను చేత్తో తడిమి, బయటికి వచ్చి నాతో అన్నాడు.

"బిడ్డా, ఉన్నదున్నట్టు అడుగు. రాళ్ళను తెచ్చుకున్నరు. మరి అమ్మ వచ్చిందా?"

నేను గైడుని అడిగాను. గైడు నా వంక వింతగా చూసి ఆవిడను అడిగింది. ముసలావిడ పెద్దగా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి చాలాసేపు మాట్లాడింది. గైడు చెప్తుంటే నేను ఒక్కొక్క మాటే తెలుగులో పెట్టాను.

మొదట్లో తనకీ అనుమానమే అంది. ఇక్కడ దండం పెట్టేది. ఎందుకైనా మంచిదని ఒడ్డుకు వెళ్ళి, పాత దీవి వైపు తిరిగి ఇంకో దండం పెట్టేది. ఇలా ఎన్నో ఏళ్ళు. ఒకనాడు కోడలికి పురిటినొప్పులు వచ్చి ప్రాణం మీదికొచ్చింది. తను ఇంట్లోంచి పరిగెత్తింది. తల్లి కాళ్ళ మీద పడి ఏడ్చి, లేచి చూసుకుంటే ఈ గుడిలో ఉంది. ఒడ్డు సంగతి ఆ రోజు గుర్తే రాలేదు. ఆ తర్వాత ఇక ఒడ్డుకు వెళ్ళలేదు.

ప్లాట్ల అబ్బాయి మొహం వెలిగిపోయింది. "ఇన్నవా పెద్దబాపు? అమ్మ వచ్చిందట!"

"వచ్చిందని ఆమె అన్లే," అన్నాడు పెద్దాయన. "ఆపతి వచ్చిననాడు తన కాళ్ళు ఇటు ఉరికినయ్ అన్నది. ముందుగాల్నే ఎవలకు తెలుస్తది?"

ముసలావిడకు దండం పెట్టాడు. ఆవిడ కూడా రెండు చేతులూ కలిపి వంగింది. మేం రేవుకు చేరేసరికి పడవ వెళ్ళిపోయింది. దీపాల ఆట గట్టు మీద నుంచే చూశారు. పెద్దాయన దీపాల వైపు వీపు పెట్టి, భార్యతో ఏదో మాట్లాడుతూ కూర్చున్నాడు.

శంషాబాద్‌లో దిగాక, సామాన్ల కోసం నిలబడినచోట తమ్ముడి కొడుకును పిలిచి, "మైసమ్మను జరుపుండ్రి," అన్నాడు. "కానీ ఆమె వచ్చిందని నాకు ఎరుకయేదాంక పాత జాగల గూడ సాక పోస్త. నన్ను ఎవలు ఆపొద్దు."

ఆ అబ్బాయి సంతోషంతో నా చేతులు పట్టుకున్నాడు. మా ఓనరుకి మాత్రం పడవ పోయిన కోపం తగ్గలేదు. "నవ్విండా?" అని అడిగాడు. లేదన్నాను. అన్నమాట ప్రకారం నన్ను విదేశీ యాత్రలనుంచి తప్పించి, విమానాశ్రయంలో పేర్ల బోర్డు పట్టుకుని నిలబడి, దిగేవాళ్ళను పిలుచుకొచ్చే పనిలో వేశాడు. నాలాంటిదాన్ని ఒకేచోట గంటల తరబడి నిలబెట్టడం కంటే పెద్ద శిక్ష లేదు. విమానాలు దిగుతున్నాయి, లేస్తున్నాయి. నేను మాత్రం కమ్మీ పట్టుకుని కాళ్ళు మార్చుకుంటూ నిలబడి ఉండేదాన్ని. పడవ వదులుకోకుండా ఉండాల్సిందా అని చాలాసార్లు అనుకున్నాను. ఆయన నవ్వనన్నా లేదే అని ఉక్రోషం కూడా వచ్చేది.

ఆషాఢంలో బోనాలకు పిలిస్తే వెళ్ళాను. కొత్త గుడికి రంగులు వేసి, వేపమండలు కట్టారు. డప్పులు మోగుతున్నాయి. పెద్దాయన భార్య మొదటి బోనం నెత్తిన పెట్టుకుని ముందు నడుస్తోంది. కాలనీ బాటా పాత బాటా చీలేచోట, ఆవిడ ఏ ఆలోచనా లేకుండా పాత బాటలోకి తిరిగింది. వెనక నుంచి అందరూ కేకలు వేశారు. ఆవిడ ఉలిక్కిపడి ఆగింది. "పోనియ్యిండ్రి," అన్నాడు పెద్దాయన. ఊరు ఊరంతా ఆవిడ వెనక పాతచోటికి వెళ్ళి, తవ్వేసిన రోడ్డు అంచున సాక పోసి, అప్పుడు కొత్త గుడికి వచ్చింది. ఆయన నా పక్కన నడుస్తూ దిగులుగా అన్నాడు.

"చూసినవా బిడ్డా. కాళ్ళు ఇంకా అటే పోతున్నయ్."

ఆ మాట నన్ను కలవరపెట్టింది. చూపించి తప్పు చేశానా? ఆ ముసలావిడ మాటలు నమ్మి ఆయన మైసమ్మను కదిలించాడు. ఆమె రాకపోతే ఆ బరువు ఆయనొక్కడిదే కదా. రోడ్డు పూర్తయింది. దాని మీద నుంచే రోజూ డ్యూటీకి వెళ్ళేదాన్ని. అప్పుడప్పుడూ రోడ్డు పక్కన తడి మట్టి, పసుపు మరకలు కనపడేవి. పెద్దాయన వచ్చి వెళ్ళాడని తెలిసేది.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది, ఒక మధ్యాహ్నం బోర్డు పట్టుకుని నిలబడి ఉండగా ప్లాట్ల అబ్బాయి ఫోన్ చేశాడు. పొద్దున చేను గట్టున పెద్దబాపు ఛాతీ పట్టుకుని పడిపోయాడట. శంషాబాద్ దవాఖానకు తెచ్చారట. బోర్డు పక్కవాడి చేతిలో పెట్టి ఆటో ఎక్కాను. గండం గడిచిందని డాక్టరు చెప్పేదాకా వరండాలో నా కాళ్ళు ఆగలేదు.

లోపలికి వెళ్ళనిచ్చారు. పెద్దాయన మంచం మీద నీరసంగా ఉన్నాడు. భార్య పక్కన నేల మీద కూర్చుంది. చీరంతా దుమ్ము, కాళ్ళకు చెప్పుల్లేవు. ఎక్కువ మాట్లాడొద్దని నర్సు అంటూనే ఉంది, ఆయన గొంతు పెగల్చుకున్నాడు.

"నేను పడ్డప్పుడు నువ్వు ఏడికి పోయినవే? లేచి చూస్తే లెవ్వు."

"ఏడికి పోత? మైసమ్మ దగ్గరికి ఉరికిన."

"ఏడికి?"

"మైసమ్మ దగ్గరికంటున్న గద!" అని విసుక్కుని, ఆవిడ టక్కున ఆగిపోయింది. తన కాళ్ళ వంక చూసుకుంది.

"కాలనీ గుడికే పెద్దబాపు," అన్నాడు తమ్ముడి కొడుకు. "చేన్లకెళ్లి ఉరికితే పాత జాగనే దగ్గర. అయినా అటు దిక్కు మర్లి గూడ చూడలే. కాలనీ దాంక గట్లనే ఉరికింది. నేనే పోయి తోల్కొచ్చిన."

పెద్దాయన ఆవిడ వైపు చూశాడు. దుమ్ము కొట్టుకుపోయిన ఆవిడ పాదాల వైపు చూశాడు. కొండ మీదా, ఫెర్రీలోనూ, కేబుల్ కారులోనూ నేను ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయిన నవ్వు ఆయన మొహం మీదికి మెల్లగా వచ్చింది.

"ఇగ వచ్చింది తీ," అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. బయటికొచ్చి కళ్ళు తుడుచుకుని మా ఓనరుకి ఫోన్ చేశాను. బోర్డు వదిలేసి ఎక్కడికి పోయావని ఆయన కేకలేస్తున్నాడు. పూర్తయ్యేదాకా ఆగాను.

"పెద్దాయన నవ్వాడండీ," అన్నాను.